భూటాన్ ప్యాకేజీ టూర్: ఏజెంటుకు 5కి 2, గైడుకు 5కి 5

ఆ ట్రావెల్స్ పేరు రాయను, కామెంట్లలో అడిగినా చెప్పను. పేరు చెప్పి బద్నాం చేయాలని కాదు ఇది రాస్తున్నది. పాలమూరు, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఈమధ్య భూటాన్ పోయేవాళ్లు ఎక్కువయ్యారు. ఎట్లుంది, పైసలకు తగ్గట్టు ఉందా, పెద్దవాళ్లను తీసుకుపోవచ్చా అని వాట్సాప్‌లో ఒకటే అడుగుడు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాస్తున్నా. పొడుగైంది, తీరిగ్గా చదవండి.

నా సంగతి రెండు ముక్కల్లో. ఈగలపెంటలో ఉండి శ్రీశైలం ఎడమగట్టు పవర్ హౌస్‌లో డ్యూటీ చేసి రిటైరయ్యాను, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాం. మేమిద్దరం, మా బామ్మర్ది, వాళ్లావిడ కలిసి నవంబరు ఆఖర్లో పోయొచ్చాం. ఈ రివ్యూలో కరెంటు సంగతులు కొంచెం ఎక్కువుంటాయి, ఇష్టం లేనివాళ్లు ఆ పేరా దాటేసుకోండి.

ముందు ఏజెంటు. ఫోన్లో చెప్పిన రేటు మనిషికి 40 వేల పైచిలుకు, విమానం టికెట్లు వేరే. "అన్నీ ఇందులోనే సార్, మీరు బట్టలు సర్దుకోని వస్తే చాలు" అన్నాడు. అడ్వాన్సు కట్టి టికెట్లు బుక్ చేసుకున్నాక, భూటాన్ ప్రభుత్వానికి కట్టే ఎస్‌డీఎఫ్ (సస్టైనబుల్ డెవలప్‌మెంట్ ఫీజు, అంటే టూరిస్టుల రుసుము) ఇందులో లేదని మెల్లగా బయటపెట్టాడు. భారతీయులకు అది మనిషికి రాత్రికి 1,200 రూపాయలు. నలుగురికి, ఉన్నన్ని రాత్రులకు లెక్కేసుకోండి. మా బామ్మర్ది అక్కడే ఫోన్లో గొడవపెట్టుకున్నాడు. "బావా, మీరు ఆగండి, నేను మాట్లాడతా" అని లాక్కుని ఒక అరగంట వాయించాడు. దిగింది మాత్రం ఏం లేదు, అది ప్రభుత్వం వసూలు చేసేది, ఏజెంటు తగ్గించేది కాదు. కానీ రేటు చెప్పినప్పుడే చెప్పాలి కదా?

రెండో సంగతి ఇంకా ఘోరం. "ఆధార్ ఉంటే చాలు సార్" అన్నాడు. చాలదు. భూటాన్‌లోకి పోవాలంటే పాస్‌పోర్టన్నా ఉండాలి, ఓటరు కార్డన్నా ఉండాలి. మా అమ్మాయి ఎందుకో అనుమానం వచ్చి చూసి చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే మా బామ్మర్ది వాళ్లావిడ బోర్డర్ గేటు దగ్గరే ఆగిపోవాల్సిందే. ఎన్నికలప్పుడు తప్ప కనబడని ఓటరు కార్డు కోసం జడ్చర్లలో వాళ్ల బీరువాలు మొత్తం తిరగేశారు. ఈ రెండింటికే మూడు మార్కులు కోసేశాను.

ఇక ప్రయాణం. పాలమూరు వాళ్లకు ఒక సుఖం ఏంటంటే శంషాబాద్ మనకు సిటీ కన్నా ముందే వస్తుంది. అక్కడ నుంచి బాగ్‌డోగ్రా, బాగ్‌డోగ్రా నుంచి కారులో టీ తోటల మధ్య నుంచి జైగావ్. ఈ దారిలోనే సిలిగుడి తగులుతుంది. చికెన్ నెక్ అని టీవీలో చెప్పేది ఇదే. మన దేశం మొత్తం ఇక్కడ సన్నబడి ఒక 20 కిలోమీటర్లకు అటూఇటూ అయిపోతుంది, ఈశాన్య రాష్ట్రాలన్నీ ఈ సందు నుంచే మనతో కలిసున్నాయి. మ్యాప్‌లో చూస్తే అర్థం కాదు, కారులో పోతుంటే డ్రైవరు "ఇటు నేపాల్, అటు బంగ్లాదేశ్, పైన భూటాన్" అని చేత్తో చూపిస్తుంటే అర్థమైతది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

జైగావ్ మన ఊరు, గేటు దాటితే ఫుంత్‌షోలింగ్, వాళ్ల ఊరు. ఇటువైపు హారన్లు, ఆటోలు, రోడ్డు మీదే కూరగాయలు. అటువైపు అడుగుపెట్టగానే హారన్ బంద్. గడియారం కూడా అరగంట ముందుకు జరుగుతుంది. డబ్బు మార్చుకునే పని లేదు, వాళ్ల ఎన్‌గుల్ట్రమ్ 1974లో మొదలుపెట్టినప్పటి నుంచీ మన రూపాయికి కట్టేసి ఉంది, ఒకటికి ఒకటి. మన యూపీఐ కూడా 2021లోనే అక్కడ మొదలైంది. మాకైతే కొన్ని షాపుల్లో పనిచేసింది, కొన్నిట్లో లేదు, చేతిలో నోట్లు ఉంచుకోండి. చిల్లర వాళ్ల నోట్లలోనే ఇస్తారు, అవి అక్కడే ఖర్చుపెట్టి రండి.

మా గైడు ఇక్కడే కలిశాడు. మోకాళ్ల దాకా ఉండే గో అనే వాళ్ల అంగీ కట్టుకుని, మేజోళ్లు వేసుకుని వచ్చిన పాతికేళ్ల పిల్లగాడు. హిందీ బాగా మాట్లాడాడు. మన ఉర్దూ కలిసిన పాలమూరు హిందీకీ అతని హిందీకీ బాగానే కుదిరింది. నేను అడిగేవాణ్ని, అతను చెప్పేవాడు, మా ఆవిడ "ఏమండీ, ఆ పిల్లవాణ్ని జర ఊపిరి పీల్చుకోనివ్వండి" అనేది. ఏజెంట్లందరూ భూటాన్‌ను సంతోషాల దేశమనీ, గుళ్లనీ, లోయలనీ అమ్ముతున్నారు. అవన్నీ ఉన్నాయి. నాకైతే పైసలు వసూలైంది మాత్రం వేరే దాంట్లో. ఇంత చిన్న రాజ్యం, సముద్రం లేదు, పైన చైనా, కింద మనం, మధ్యలో ఎట్ల నెట్టుకొస్తోంది అన్నది ఈ పిల్లగాడు దారి పొడుగునా చూపించాడు. అది ఏ బ్రోచర్‌లోనూ లేదు.

చిన్నది అంటే ఎంత చిన్నదంటే, దేశం మొత్తం 38 వేల చదరపు కిలోమీటర్ల పైన కొంచెం. మన పాత ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా 18 వేల పైచిలుకు. రెండు పాలమూర్లంత అన్నమాట. జనం మాత్రం 8 లక్షల లోపే, మన పాత జిల్లాలో 2011 లెక్కల్లోనే 40 లక్షలు దాటారు.

ఫుంత్‌షోలింగ్ నుంచి థింపూ రోడ్డు మన సరిహద్దు రోడ్ల సంస్థ వాళ్లు వేసింది. దంతక్ అని బోర్డులు కనిపిస్తాయి, 1961లో మొదలుపెట్టారు. అంతకుముందు సంగతి వినండి. 1958లో నెహ్రూ భూటాన్ పోయారు. కారు పోయే దారి లేదు. సిక్కింలో నాథులా కనుమ దాటి, అప్పటికే చైనా చేతిలో ఉన్న టిబెట్ చుంబీ లోయ మీదుగా గుర్రాల మీదా నడిచీ పారోకు చేరుకున్నారు. అంటే మన ప్రధానమంత్రి మన పక్క దేశానికి పోవాలంటే చైనా వాళ్లున్న నేల మీద నడవాల్సి వచ్చింది. ఆ మరుసటేడు టిబెట్‌లో గొడవలయ్యాక భూటాన్ పైవైపు సరిహద్దు మూసుకుంది, కిందికి మనవైపు తలుపు తీసింది. రోడ్డు దాంతోనే వచ్చింది. ఇప్పుడు ఆ రోడ్డు మీద కారులో ఐదారు గంటలు, మలుపులు మస్తుంటాయి, వాంతులయ్యేవాళ్లు ముందే మాత్ర వేసుకోండి. మా బామ్మర్ది వేసుకోలేదు. వద్దులెండి, చెప్పుకుంటే బాగుండదు.

మధ్యలో చుఖా. కారు ఆపమన్నా. ఏజెంటు కాగితంలో ఇక్కడ స్టాప్ లేదు, డ్రైవరు మొహం మాడ్చాడు, గైడే ఒప్పించాడు. కిందికి చూస్తే వాంగ్‌చు నది, దానికి అడ్డంగా చిన్న డ్యామ్. చిన్నదే, మన శ్రీశైలం చూసిన కళ్లకు ఆనకట్టలా కూడా ఆనదు. కానీ నీళ్లు అక్కడ నిలబెట్టరు, కొండలో తొలిచిన సొరంగంలోకి మళ్లించి కిందికి వదులుతారు, ఎత్తు నుంచి పడే బలం మీదే మొత్తం పని. పవర్ హౌస్ కొండ లోపల ఉంది, బయటికి కనిపించదు. నాలుగు మెషీన్లు, ఒక్కోటి 84 మెగావాట్లు, మొత్తం 336. మన దేశం పైసలతో కట్టింది, 60 శాతం ఊరికే ఇచ్చిన డబ్బు, 40 శాతం అప్పు. 1980ల చివర్లో కరెంటు మొదలైంది. అదే నది మీద ఇంకా కిందికి తాలా ఉంది, ఆరు మెషీన్లు, ఒక్కోటి 170, మొత్తం 1,020. మా ఎడమగట్టులో ఆరు మెషీన్లు, ఒక్కోటి 150, మొత్తం 900. కొండ లోపల టర్బైన్ తిరుగుతుంటే కాళ్ల కింద నేల ఎట్ల సన్నగా వణుకుతుందో డ్యూటీ చేసినవాళ్లకు తెలుసు. రోడ్డు మీద నిలబడి కూడా నాకు ఆ చప్పుడు వినబడుతున్నట్టే అనిపించింది. మా బామ్మర్ది మాత్రం "బావా, రిటైరయ్యాక కూడా డ్యూటీకి వచ్చినట్టుంది" అని నవ్వాడు.

అసలు లెక్క ఏంటంటే, ఈ కరెంటులో వాళ్లు వాడుకోగా మిగిలిందంతా మనకే అమ్ముతారు, కొనేవాళ్లు మనం ఒక్కళ్లమే. వాళ్ల ఖజానాకు పెద్ద ఆదాయం ఇదే, వాళ్ల అప్పులో ఎక్కువ భాగం కూడా ఇదే, ఆ అప్పు కూడా మనదే. మొదట్లో 60 ఇచ్చి 40 అప్పన్నవాళ్లం తర్వాత కట్టిన మాంగ్దెచ్చు, పునత్సాంగ్‌చు-2 ప్రాజెక్టుల దగ్గరికొచ్చేసరికి 30 ఇచ్చి 70 అప్పన్నాం, వడ్డీ 10 శాతం. పునత్సాంగ్‌చు-1 అయితే 2008లో మొదలై, 2013లో డ్యామ్ పక్కన కొండ జారి, ఏళ్ల తరబడి ఆగిపోయింది. పని జరగకపోయినా వడ్డీ నడుస్తూనే ఉంటుంది కదా. దీని గురించి అడిగితే గైడు ఆచితూచి మాట్లాడాడు, "దోస్తీ హై సర్, లేకిన్ హిసాబ్ భీ హై" అన్నాడు. స్నేహమూ ఉంది, లెక్కా ఉంది. ఇంకో తమాషా, ఈ నదులకు నిల్వ లేదు కాబట్టి చలికాలంలో నీళ్లు తగ్గి కరెంటు తగ్గిపోతుంది, అప్పుడు వాళ్లే మన దగ్గర కొనుక్కుంటారు. వానాకాలం అమ్మకం, చలికాలం కొనుగోలు. మా దగ్గర శ్రీశైలం నీళ్లకూ కరెంటుకూ ఒకే భాష మాట్లాడుకునే రెండు రాష్ట్రాలు తగవు పడుతుంటే చూసినవాణ్ని. రెండు దేశాలు ఇంత నెమ్మదిగా లెక్క చూసుకోవడం నాకు వింతగానే అనిపించింది.

థింపూ గురించి ఎక్కువ రాయను. ఊరు నీట్‌గా ఉంది, బుద్ధుడి పెద్ద విగ్రహం చూడాలి, చలి ఎక్కువ. హోటల్లో హీటర్ ఉందన్నారు, ఉంది, పనిచేయలేదు. అడిగితే రెండు దుప్పట్లు ఇచ్చారు. ఏజెంటు ఇక్కడ పూటంతా షాపింగ్ పెట్టాడు. శాలువాలూ మాస్కులూ అమ్మే షాపులన్నిట్లో మమ్మల్ని తిప్పి, మరుసటి రోజు దోచులాకు 15 నిమిషాలు మాత్రం రాశాడు. షాపుల్లో కమిషన్ ఉంటుందేమో నాకు తెలియదు, మీరే ఊహించుకోండి.

దోచులా 15 నిమిషాల్లో చూసేది కాదు. పది వేల అడుగుల ఎత్తు దాటిన కనుమ, ఆకాశం తేటగా ఉంటే మంచు కొండలు వరుసగా కనిపిస్తాయి, మాకు కనిపించాయి. అక్కడ 108 స్తూపాలున్నాయి. అందరూ ఫోటోలు దిగి పోతున్నారు, ఎందుకు కట్టారో అడిగేవాళ్లు లేరు. అవి 2003 యుద్ధంలో పోయిన వాళ్ల సిపాయిల జ్ఞాపకంగా రాణిగారు కట్టించినవి. ఆ యుద్ధం మన కోసం చేసింది, కనీసం సగం మన కోసం. అస్సాం, ఉత్తర బెంగాల్‌లో మన సైన్యంతో పోరాడుతున్న ఉల్ఫా, ఎన్‌డీఎఫ్‌బీ, కేఎల్‌ఓ మిలిటెంట్లు తప్పించుకుని భూటాన్ దక్షిణ అడవుల్లో క్యాంపులు పెట్టుకున్నారు. మొత్తం 30 క్యాంపులు. మనవాళ్లు ఖాళీ చేయించమని ఒత్తిడి. భూటాన్ దగ్గర సైన్యమే కొన్ని వేలమంది. ఏళ్ల తరబడి వాళ్లతో మాట్లాడారు, పొండి అని బతిమాలారు, తిండి సరఫరా ఆపారు, వాళ్లు కదల్లేదు. చివరికి 2003 డిసెంబరులో నాలుగో రాజు స్వయంగా ముందు నిలబడి దాడి చేశారు, రోజుల్లోనే క్యాంపులన్నీ లేచిపోయాయి. 1865 తర్వాత ఆ దేశం చేసిన యుద్ధం అంటే ఇదే. గైడు వాళ్ల మేనమామ అప్పుడు సైన్యంలో ఉన్నాడట. ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు.

2019లో మన దేశం నుంచి పోయిన ఒక బైకర్ ఇదే స్తూపం మీదికెక్కి నిలబడి ఫోటో దిగాడు, అప్పుడు భూటాన్ అంతా గోలయింది. ఆ తర్వాతి ఏడాదే భారతీయులకు కూడా రుసుము పెట్టే చట్టం చేశారు. ఆ ఫోటో వల్లే అని నేననను, మనవాళ్ల రద్దీ తట్టుకోలేకపోవడం అంతకుముందు నుంచీ ఉంది. కరోనా అయ్యాక 2022 సెప్టెంబరులో దేశం మళ్లీ తెరిచినప్పుడు 1,200 అమల్లోకి వచ్చింది. మిగతా దేశాల వాళ్లకు ఇప్పుడు రాత్రికి 100 డాలర్లు. మనకు తగ్గించారు, మాఫీ చేయలేదు. ఇంత పెద్ద పొరుగువాడికి తలుపు మూయలేరు, బార్లా తెరవలేరు, అందుకే గడప దగ్గర చిన్న టికెట్ పెట్టారు. తిరిగొచ్చే దారిలో నాకు ఆ 1,200 మీద కోపం పోయింది. ఏజెంటు మీద పోలేదు.

పునాఖా. రెండు నదులు కలిసేచోట కోట లాంటి మఠం, జొంగ్ అంటారు, 1637లో మొదలుపెట్టి కట్టింది. ఫోటోలు నెట్‌లో ఉన్నాయి, నేను వర్ణించను. నాకు నచ్చింది చెక్క వంతెన దాటుతూ గైడు చెప్పిన కథ. అస్సాం, బెంగాల్‌లో కొండల కింద ఉన్న దువార్లు, అంటే మైదానంలోకి దిగే 18 తలుపులు, ఒకప్పుడు భూటాన్ చేతిలో ఉండేవి. వరి పండేదీ, పన్నులు వచ్చేదీ అక్కడి నుంచే. తెల్లవాళ్ల కన్ను వాటి మీద పడింది, అస్సాం వైపువి ముందే లాక్కున్నారు. 1864లో ఆష్లీ ఈడెన్ అనే దొరను రాయబారిగా పునాఖాకు పంపారు. వీళ్లు అతన్ని దర్బారులో అందరి ముందూ అవమానించి, దువార్లు తిరిగివ్వాలని కాగితం రాసి సంతకం పెట్టమన్నారు. ప్రాణాలతో బయటపడాలని పెట్టాడు, కానీ సంతకం దగ్గరే "బలవంతం మీద" అని ఇంగ్లిషులో రాసిపెట్టాడు, వీళ్లకు చదవడం రాదుగా! ఆ కథ చెప్పేటప్పుడు మా గైడు మొహంలో నవ్వు చూడాలి. గెలిచామని నవ్వాడా, మోసపోయామని నవ్వాడా నాకైతే తెలియలేదు.

తర్వాత యుద్ధం వచ్చింది. మొదట్లో దేవన్‌గిరి దగ్గర భూటాన్ వాళ్లు తెల్లవాళ్లను తరిమేసి రెండు ఫిరంగులు కూడా లాక్కున్నారు. వాళ్ల సేనాపతి జిగ్మే నామ్‌గ్యాల్. ఆయన కొడుకు ఉగ్యెన్ వాంగ్‌చుకే 1907లో ఇదే పునాఖాలో మొదటి రాజయ్యాడు. కానీ బాణాలతో తుపాకుల ముందు ఎన్నాళ్లు నిలబడతారు? 1865 నవంబరులో సించులా సంధి. 18 దువార్లూ పోయాయి, బదులుగా ఏడాదికి 50 వేల రూపాయల వరకు ఇస్తామన్నారు. 1910లో పునాఖా సంధితో అది లక్ష అయింది, మీ లోపలి పాలనలో వేలు పెట్టం, బయటి వ్యవహారాల్లో మాత్రం మా సలహా వినాలి అన్నారు. మన గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాంకు కప్పం కట్టి బతికాయి. ఇక్కడ తిరకాసు, పెద్దవాడే చిన్నవాడికి కట్టాడు. పుచ్చుకున్న భూమి అంతటి బంగారం మరి.

ఇక్కడ నిలబడి నాకు మన హైదరాబాదే గుర్తొచ్చింది. మనదీ సముద్రం లేని రాజ్యమే. భూటాన్‌కు ఐదింతల కన్నా పెద్దది, సొంత రైళ్లు, సొంత నోట్లు. మన దేశంతో ఏడాదికని రాసుకున్న యథాతథ ఒప్పందం పది నెలలు కూడా నడవకముందే, 1948 సెప్టెంబరులో ఐదు రోజుల్లో పోలీస్ యాక్షన్‌తో కథ అయిపోయింది. మా నాయన ఆ రోజులు చెప్పేవాడు. అది అవసరమే, రజాకార్ల బాధ పడ్డవాళ్లను అడిగితే తెలుస్తుంది. నేననేది ఏంటంటే, ఆ తర్వాత ఏడాది కూడా తిరక్కుండానే, 1949 ఆగస్టు 8న డార్జిలింగ్‌లో భూటాన్ మనతో ఒప్పందం మీద సంతకం పెట్టింది. హైదరాబాద్ మధ్యలో ఉంది, భూటాన్ అంచున ఉంది, వెనక చైనా ఉంది, పోలిక పూర్తిగా కుదరదు. కానీ కింద ఏం జరుగుతోందో వాళ్లు చూడకుండా ఉంటారా? విదేశీ వ్యవహారాల్లో భారత్ సలహా ప్రకారం నడుచుకుంటామని రాసిచ్చారు, బదులుగా ఏడాదికి 5 లక్షలూ, తెల్లవాళ్లు తీసుకున్న దేవన్‌గిరి వైపు 32 చదరపు మైళ్ల భూమీ వెనక్కి తెచ్చుకున్నారు. 1971లో ఐక్యరాజ్య సమితిలో చేరారు, మనమే వెనక ఉండి చేర్పించాం. 1975లో పక్కనున్న సిక్కిం రాజ్యం మన దేశంలో కలిసిపోయింది, అదీ చూశారు. ఓపిగ్గా ఉండి ఉండి 2007లో కొత్త ఒప్పందం రాయించుకున్నారు, అందులో "సలహా" ముక్క లేదు. ఒకరి నేల మీద నుంచి ఇంకొకరికి హాని జరగనివ్వం, దగ్గరగా సహకరించుకుంటాం అని మాత్రమే ఉంది. 58 ఏళ్లు పట్టింది ఆ ఒక్క ముక్క తీయించడానికి, ఒక్క తుపాకీ పేలలేదు.

తిండి. "తెలుగు భోజనం" అని ఏజెంటు రాసిచ్చాడు, రోజూ ఆలుగడ్డ కూర, పప్పు, రొట్టె. ఆవకాయ మేం పట్టుకుపోయాం కాబట్టి గడిచింది. మీరు అక్కడి తిండే తినండి, ఎర్రబియ్యం అన్నం, ఎమా దత్షీ. ఎమా దత్షీ అంటే పచ్చిమిరపకాయలు చీజ్‌లో ఉడకబెట్టింది, మిరపకాయ అక్కడ కారం కాదు, కూరగాయ. పొడుగ్గా చీల్చి గిన్నె నిండా వేస్తారు, పైన తెల్లటి జున్ను పలచగా తేలుతుంటుంది. మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది, మూడో ముద్దకు చెవులు వేడెక్కుతాయి. మా బామ్మర్ది వాళ్లావిడ రెండోసారి వడ్డించుకుంది. కూరగాయలు చాలావరకు మన వైపు నుంచే పోతాయి. కానీ 2016లో మన మిరపకాయ, బీన్స్, కాలీఫ్లవర్ మీద పురుగుమందులు ఎక్కువున్నాయని వాళ్లు ఆపేశారు. అన్నంలో మిరపకాయ లేకపోతే పూట గడవని దేశం, మిరపకాయ అమ్మే పెద్ద పొరుగును కాదనుకుంది చూడండి. దొంగచాటుగా వస్తూనే ఉంటాయట, అది వేరే సంగతి. మందు కొట్టే రైతులం మనం కూడా కొంచెం ఆలోచించాల్సిన ముచ్చటే.

పెట్రోలు మన దగ్గర నుంచే పోతుంది, అక్కడ మనకన్నా చౌక, జైగావ్ బండ్లు గేటు దాటి పోయి కొట్టించుకుంటాయి. గ్యాసూ మనదే. 2013 జూలైలో సరిగ్గా వాళ్ల ఎన్నికలకు ముందు గ్యాసు, కిరోసిన్ మీద మన సబ్సిడీ ఆగిపోయింది. అంతకుముందు ఏడాది వాళ్ల ప్రధాని చైనా ప్రధానిని ఒక సదస్సులో కలిశాడు, అందుకే అని అక్కడ అందరూ అనుకున్నారు. మనవాళ్లు సాంకేతిక కారణం అన్నారు. సిలిండర్ ధర ఒక్కసారిగా లేచింది, అధికారంలో ఉన్న పార్టీ ఓడిపోయింది, సబ్సిడీ మళ్లీ వచ్చింది. గైడు అప్పుడు చిన్న పిల్లాడు, వాళ్లమ్మ కట్టెల పొయ్యి మీద వండడం గుర్తుందన్నాడు. మన టీవీల్లో ఈ వార్త నేను చూసిన గుర్తే లేదు. మన దగ్గర సిలిండర్ మీద 50 రూపాయలు పెరిగితే రోడ్డెక్కుతాం. ఇది మాత్రం మనం చేసిన పని బాగాలేదు, నా అభిప్రాయం.

చైనా గురించి అడిగాను, డోక్లాం గురించి. 2017 జూన్‌లో భూటాన్ తనదంటున్న చోట చైనా రోడ్డు వేస్తుంటే మన సైన్యం సిక్కిం వైపు నుంచి దిగి అడ్డం నిలబడింది, 73 రోజులు. చికెన్ నెక్ గుర్తుపెట్టుకోమన్నా కదా, ఆ మెడ మీదికి కనిపించే చోటు అది, మన టెన్షన్ అందుకే. భూటాన్ మాత్రం చైనా ఒప్పందాలు మీరిందని ఒక ప్రకటన ఇచ్చి, మిగతా రోజులు గట్టిగా ఒక్క మాట మాట్లాడలేదు. చైనాతో వాళ్లకు రాయబార సంబంధాలే లేవు, సరిహద్దు చర్చలు మాత్రం 1984 నుంచి నడుస్తున్నాయి. పైన ఉత్తరం లోయలు మీకు వదిలేస్తాం, డోక్లాం వైపు మాకివ్వండి అని చైనా బేరం పాతదే. ఒప్పుకుంటే వాళ్లకు తగువు తీరుతుంది, మనకు మొదలవుతుంది. ఒప్పుకోకుండా, కాదనకుండా ఇన్నేళ్లు లాగారు.

గైడు దాటేసిన సంగతి ఒకటుంది, అది కూడా రాయాలి. దక్షిణ భూటాన్‌లో నేపాలీ మాట్లాడేవాళ్లు తరాలుగా ఉండేవాళ్లు. 1990ల మొదట్లో వాళ్లలో లక్షమంది దాకా దేశం విడిచి పోవాల్సి వచ్చింది, మన నేల మీదుగా పోయి తూర్పు నేపాల్‌లో శిబిరాల్లో ఏళ్ల తరబడి ఉన్నారు, తర్వాత చాలామందిని అమెరికా లాంటి దేశాలు తీసుకున్నాయి. మనం అది మీ రెండు దేశాల సంగతి అని తప్పుకున్నాం. దీని గురించి అడిగితే పిల్లగాడు కిటికీలోంచి బయటికి చూసి "సర్, వో రహా పారో" అన్నాడు. సంతోషం లెక్క వేసే దేశంలో ఈ లెక్క ఎక్కడ రాశారో నాకు కనబడలేదు. గైడ్ మార్కులు మాత్రం తగ్గించను, అతని ఉద్యోగం అది.

పారోలో టైగర్స్ నెస్ట్ అనే కొండ మీది మఠానికి ఎక్కాలంటే మోకాళ్లు గట్టిగా ఉండాలి, మా ఆవిడ సగంలో ఉన్న టీ కొట్టు దగ్గర ఆగిపోయింది, అక్కడ నుంచి కూడా బాగా కనిపిస్తుంది, బాధపడకండి. గుర్రాలు సగం దాకే.

పోవాలనుకునేవాళ్లకు చివరి ముక్కలు. ఓటరు కార్డు ఒరిజినల్, జిరాక్సులు. ఎస్‌డీఎఫ్ కలిపి రేటెంతో కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు కట్టండి. థింపూలో షాపింగ్ పూట తీయించి దోచులాకు కలపమనండి, చుఖా దగ్గర ఆపమని కూడా రాయించండి. గైడు హిందీ వచ్చినవాడై ఉండాలి, మాట్లాడేవాడై ఉండాలి. కొంతమంది గైడ్లు ఫోటోలు తీసిపెట్టడం తప్ప ఏం చెప్పరని మా హోటల్లో దిగిన వరంగల్ వాళ్లు మొత్తుకున్నారు. టిప్పు మా పిల్లగాడికి సంతోషంగా ఇచ్చాం. ఏజెంటు ఇప్పుడు నేపాల్ ప్యాకేజీ ఉంది సార్ అని మెసేజ్‌లు పెడుతున్నాడు. ఎస్‌డీఎఫ్ కట్టిన రసీదులు ముందు పంపు, తర్వాత నేపాల్ సంగతి మాట్లాడదాం అని జవాబిచ్చా. చూసినట్టు రెండు నీలం టిక్కులు వచ్చాయి, రసీదులు మాత్రం ఇంకా రాలేదు.